కట్ట కింద కాయల కుప్ప

బోడిగుట్ట అడవిలో తాగునీరంటే గుట్ట కింది కుంట ఒక్కటే. దాని పెత్తనం నక్కది. నీళ్లు తాగే జంతువులన్నీ వేరుశనగ కోతలప్పుడు నక్కకు కాయలు ఇచ్చుకోవాలి. ఆ కాయలతో ఏటా కట్ట బాగుచేయించాలని ఒప్పందం. కాయలేమో గుట్టమీది నక్క గుహకు చేరేవి. కట్టమీద తట్టెడు మట్టి పడేది కాదు.

పైగా, మిగులు నీరు పోవలసిన అలుగుకు నక్క అడ్డంగా రాళ్లు పేర్చింది.

దూరపు కొండ నుంచి వచ్చిన కౌజుపిట్ట ఆ కట్ట కింది గడ్డిలో గుడ్లు పెట్టింది. తన వంతు కాయలు అందరికంటే ముందే ఇచ్చేసింది. అయినా దానికి కునుకు లేదు. కుంట నిండుగా ఉంది, కార్తీక తుఫాన్లు ముందున్నాయి, కట్ట అడుగున చెమ్మ ఊరుతోంది. పిల్లలైతే వెంట నడిపించుకుపోవచ్చు. గుడ్లనెలా మోసుకుపోతుంది?

"నక్క మామా, కట్ట కారుతోంది. ఆ రాళ్లు తీయించవా?"

"కారడం కాదే పిచ్చిదానా, చల్లదనం! నీళ్లెక్కువ నిలిస్తేనే నాకు కాయలెక్కువ. నిన్నగాక మొన్నొచ్చి నాకే పాఠాలా? అది ఇనుపగోడ!" అంది నక్క. అది కట్టను ఎప్పుడూ గుట్టమీంచే చూసింది మరి.

"ఊరుకో చెల్లీ, చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం లాభం?" అంది నెమరేస్తున్న దున్నపోతు.

కౌజు గుడ్లమీద కూర్చుని ఆలోచించింది. 'భయం నాకొక్కదానికే ఉంటే పని కాదు. నక్కకూ కాస్త పంచాలి.'

ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించి, మళ్లీ నక్క దగ్గరికెళ్లింది. "మామా, ఈ ఏడు అందరూ రెట్టింపు ఇస్తారట. గుట్టెక్కి మోయడమే కష్టమట. కట్ట కింద పొయ్యమనమంటావా?"

నక్కకు నోరూరింది. అంతలోనే దిగులూ పట్టుకుంది. "నేను కింద ఉంటే పైన కోతులు దోచేస్తాయి. పైన ఉంటే కింద పందికొక్కులు మేస్తాయి."

"అదీ నిజమే. నీ ఇష్టం మామా."

ఆశ ముందు తెలివి ఆగుతుందా? పాత కాయలన్నీ దున్నపోతు వీపుకెత్తి కిందికి దింపించుకుంది నక్క. కొత్త కాయలూ వచ్చి పడ్డాయి. కొండంత కుప్ప! దానిమీద కాలుమీద కాలేసుకుని పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఫెళ్లున ఉరిమి వాన అందుకుంది. నక్క తోకకు తడి తగిలింది. చూస్తే, కట్టలోంచి సన్నటి ధార కాయల్లోకి దిగుతోంది.

"అమ్మో! కట్ట తెగేలా ఉందర్రోయ్!"

"చల్లదనం మామా," అంది కౌజు.

"నీ ఎకసెక్కాలు తర్వాత! ఒరే దున్నా, మట్టి తొక్కరా!"

దున్నపోతు నెమరు ఆపలేదు. "మేం నీకు కాయలిచ్చింది ఆ పనికేగా మామా. కూలి తియ్యి."

"తీసుకోండ్రా నాయనా, తీసుకోండి!"

పందికొక్కులు మట్టి తవ్వాయి, కోతులు మోశాయి, దున్నపోతు తొక్కింది. నక్క తానే పరిగెత్తి అలుగు రాళ్లు మూతితో దొర్లించింది. మిగులు నీరు భళ్లున వాగులోకి దూకింది. వాన దంచికొట్టినా కట్ట చెక్కుచెదరలేదు. తెల్లారేసరికి కౌజు రెక్కల కింద చిన్న చిన్న ముక్కులు పెంకులు పొడుస్తున్నాయి.

కుప్ప మాత్రం బాగా కరిగింది. "మిగిలినవైనా గుట్టమీదికి చేర్చండ్రా," అని నక్క బతిమాలింది.

"మోసే ఓపికెక్కడిది మామా? ఇకమీదట నీ మకాం ఇక్కడే," అంటూ దున్నపోతు తోకాడించుకుంటూ వెళ్లిపోయింది.

అప్పట్నుంచి మబ్బు పట్టిందంటే చాలు, నక్క కట్టకు చెవి ఆనించి పడుకుంటోంది.

కట్ట కింద కాపురం ఉంటేనే కట్టమీద కన్నుంటుంది.