నాంచారి పొద్దు

సముద్రం ఇంకా రెండు ఊళ్ళ అవతలే ఉన్న కాలం. పిడికెడు ఉప్పు కోసం జనం ఎడ్లబళ్ళు కట్టుకుని మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చే కాలం. ఆ కాలంలో, ఆ ఒడ్డున, నాంచారి అని ఒక మనిషి ఉండేది.

గొప్ప మనిషేం కాదు. రాణీ కాదు, మంత్రగత్తే కాదు. ఉప్పుమళ్ళలో కూలిమనిషి. ఇరవై ఏళ్ళు నిండీ నిండని పిల్ల. దాని మొగుడు కోటేసు, మళ్ళ చుట్టూ ఉన్న కట్ట తెగినప్పుడు మట్టి మొయ్యడానికి వెళ్ళాడు. పదిరోజులు నీళ్ళలో నిలబడ్డాడు. చలిజ్వరం పట్టుకుంది, పోయాడు. కట్టేమో కామందుది. జ్వరం మాత్రం కోటేసుది. నాంచారికి ఇద్దరు పిల్లలు మిగిలారు. నాలుగేళ్ళ బంగారి, చంకలో ఆరు నెలల పసివాడు.

ఉప్పు పనంటే ఏమిటనుకున్నారు? సముద్రపు నీళ్ళు మళ్ళలోకి వదలాలి. ఎండకు నీళ్ళు ఇగిరిపోయి అడుగున ఉప్పు పేరుకుంటుంది. దాన్ని చెక్కపలకతో గోకాలి, గంపకెత్తాలి, గట్టు మీద కుప్ప పొయ్యాలి. కాళ్ళు పగిలేది కూలివాళ్ళకి. కుప్ప కామందుకి.

కూలి రోజుకి మానికెడు జొన్నలు. మానికంటే నాలుగు సోలలు. నాంచారి ఆ జొన్నల్ని ఇంటికి తెచ్చి, చాటలో పోసి, నాలుగు వాటాలు చేసేది. రెండు సోలలు ముగ్గురి తిండికి. ఒక సోల ఇచ్చి చింతపండు, మిరపకాయలు, దీపానికి ఇంత నూనె తెచ్చుకునేది. నాలుగో సోల మూలనున్న కుండలోకి. ఎందుకంటే వానలు పడితే ఉప్పుమళ్ళు మునిగిపోతాయి. నాలుగు నెలలు పనుండదు. ఆ నాలుగు నెలలూ పిల్లలకి ఆ కుండే దిక్కు.

చాటలోంచి ఒక్క గింజ జారితే వేలు తడిచేసి అద్ది తీసేది. జొన్నలు కడిగిన నీళ్ళు కూడా పారబొయ్యకుండా గంజిలో కలిపేది. అంత ఒద్దికైన మనిషి.

ఇక వినండి, ఏం జరిగిందో.

పసివాడికి పాలివ్వాలి కదా. పొద్దుటి నుంచి సాయంత్రం లోపల మూడుసార్లు పలక పక్కన పెట్టి గట్టెక్కేది. మళ్ళ మేస్త్రీ లచ్చన్న అది చూశాడు. ఆ రోజు సాయంత్రం కూలి కొలుస్తూ, మూడు సోలలు పోసి ఆపేశాడు.

"మేస్త్రీగారూ, ఇంకో సోల?" అంది నాంచారి.

"పాలిచ్చిన పొద్దుకి కూలెక్కడిదే? నువ్వు కూర్చుంటే ఉప్పు కూడా కూర్చుంటుందా?"

"నా వాటా మడి నేను గోకేశానయ్యా. గీత కూడా మిగల్లేదు. పోయి చూడండి."

లచ్చన్న చూడలేదు. "సర్దుకోవాలమ్మా, సర్దుకోవాలి," అన్నాడు.

నాంచారి ఇంటికొచ్చింది. మూడు సోలల్ని చాటలో పోసింది. ఆ రోజు నుంచి మూలకుండలోకి గింజ పడలేదు. అలా సర్దుకుంది.

నెల తిరిగింది. గట్టు మీద కామందు కొడుకు కూర్చునే పందిరొకటి ఉండేది. ఆయన వచ్చేది ఏడాదికి రెండుసార్లు. నడినెత్తిన ఎండ మండుతుంటే, నాంచారి పాతచీరతో ఉయ్యాల కట్టి పసివాణ్ణి ఆ పందిరికింద పడుకోబెట్టింది. సాయంత్రం లచ్చన్న రెండు సోలలు పోసి ఆపేశాడు.

"ఇదేమిటయ్యా?"

"కామందుగారి నీడ వాడుకున్నావు. నీడకి కూలి కట్టద్దా?"

ఎండ దేవుడిది, నీడ కామందుది అన్నమాట! నాంచారి ఊరి పెద్దమనిషి దగ్గరికి పరిగెత్తింది. ఆయన భోంచేసి చెయ్యి కడుక్కుంటున్నాడు. అంతా విన్నాడు. పళ్ళు కుట్టుకుంటూ, "గంజి పల్చగా కాచుకోమ్మా. రెండు పూటలు తినేది ఒక పూట తిను. చిన్నతనం, నీకింకా సంసారం చెయ్యడం తెలియలేదు. సర్దుకోవాలమ్మా, సర్దుకోవాలి," అన్నాడు.

నాంచారి ఇంటికొచ్చింది. రెండు సోలల్ని చాటలో పోసింది. దీపం మానేసింది. చింతపండు మానేసింది. పిల్లలకి పెట్టి తను గంజినీళ్ళు తాగింది. అలా సర్దుకుంది.

మళ్ళీ నెల తిరిగింది. బంగారి తమ్ముడికి ఈగలు తోలుతూ తోలుతూ, అమ్మని చూసి మడిలోకి దిగింది. తెల్లటి ఉప్పు మీద చిన్నచిన్న పాదాల గుర్తులు పడ్డాయి. ఐదో ఆరో. సాయంత్రం లచ్చన్న ఒక్క సోల పోసి ఆపేశాడు.

"నీ పిల్ల ఉప్పు తొక్కింది. తొక్కిన ఉప్పెవరు కొంటారు?"

"మేమంతా తొక్కి తీసిన ఉప్పే కదయ్యా అది! నలభైమంది ఆడవాళ్ళ కాళ్ళకి లేని మైల నా పిల్ల పాదాలకెక్కడిది?"

"పిల్లల్ని కన్నది నువ్వు. కామందుగారు కనమన్నారా?"

నాంచారికి ఒళ్ళంతా మంటెత్తింది. చేతిలో పలక గట్టుకేసి కొట్టి, పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని తిన్నగా కామందు లోగిలికి నడిచింది.

కామందు తల్లి అచ్చమాంబ. పొదుపంటే ఆవిడే అనేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళన్నీ. కొత్తకోడళ్ళని ఆవిడ దగ్గరికి పంపించి సంసారం నేర్పించేవాళ్ళు. నాంచారి వాకిట్లో నిలబడి జరిగినదంతా చెప్పింది. అచ్చమాంబ తమలపాకు ఈనె తీస్తూ విని, అదే మాట అంది. "సర్దుకోవాలమ్మా, సర్దుకోవాలి. ఇంటిని దిద్దుకునేది ఆడదే."

నాంచారి కొంగులోని జొన్నల్ని అరుగు మీద పోసింది.

"అమ్మగారూ, ఇది ఒక సోల. వీళ్ళు నా పిల్లలు. నాకు చేతకాలేదు, ఒప్పుకున్నాను. మీరు సర్ది చూపించండి. నేర్చుకుంటాను."

వాకిట్లో పదిమంది చూస్తున్నారు. అచ్చమాంబకి పౌరుషం వచ్చింది. "అదెంత పని? మూడు రోజులు పిల్లలతో ఇక్కడే ఉండి, నీ కూలి నా చేతికి తెచ్చియ్యి," అంది.

మొదటిరోజు అచ్చమాంబ సోలెడు జొన్నలు దంపించి జావ కాయించింది. పిల్లకి ఒక ముంత పోసింది, రేపటికని ఒక ముంత మూత పెట్టింది. "చూశావా, మిగిలింది కూడా!" అంది.

"నా ముంత, అమ్మగారూ?"

"తల్లివి. ఒకరోజు ఓర్చుకోలేవా?"

"ఓర్చుకుంటాను. నూనె, చింతపండు దేంట్లో వస్తాయి? వానాకాలానికి దేంట్లో దాచను?" అచ్చమాంబ మళ్ళీ తమలపాకు ఈనె తియ్యడం మొదలెట్టింది.

రెండోరోజు నాంచారికి పాలు పడలేదు. పసివాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అచ్చమాంబ తట్టుకోలేక, "ఒసే, ఆవుపాలు తెండే!" అని దాసీని కేకేసింది.

"తాగించండి అమ్మగారూ, మీకు పుణ్యముంటుంది," అంది నాంచారి. "కానీ ఆ పాలు నా సోలలో ఎక్కడ పడతాయో కూడా చూపించండి. రేపు మా ఇంట్లో నేనూ అక్కడి నుంచే తీస్తాను."

మూడోరోజు నాంచారి పని నుంచి వచ్చేసరికి, అచ్చమాంబ తన గాదెలోంచి దోసెడు జొన్నలు తీసి ఆ సోలలో కలుపుతోంది. నాంచారి గడప దగ్గరే ఆగిపోయింది.

"సర్దడమంటే ఇదా అమ్మగారూ? నాకు గాదె లేదే!"

అచ్చమాంబ సిగ్గుపడిందని కొందరు చెబుతారు. సిగ్గుపడితే కొడుకుని పిలిచి నాలుగు చివాట్లు పెట్టి ఉండేది. పెట్టలేదు. "పెద్దదాన్ని, నన్నే పరీక్షించడానికి వచ్చావటే!" అని గయ్యిమంది. పిల్లలతో సహా నాంచారిని గెంటించేసింది.

మర్నాడు పొద్దున్నే నాంచారి ఉప్పుమళ్ళకి వచ్చింది. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఏడవలేదు.

ఆ మళ్ళలో అందరికంటే పెద్దది సింగమ్మత్త. "మొగుడు లేనిది, అడిగే దిక్కు లేదని నీతో మొదలెట్టారే నాంచారీ. నీతో ఆపుతారా? ఇవాళ నీ పాలకి కోత వేశారు. రేపు నా కోడలి పాలకి వేస్తారు," అంది.

"మరేం చేద్దామత్తా?"

సింగమ్మత్త సమాధానం చెప్పేలోపు నైరుతి మూల నల్లగా కమ్ముకొచ్చింది. కాలం కాని కాలంలో మబ్బు. గట్టు పొడుగునా నలభై కుప్పలు ఉప్పు, నోరు తెరుచుకుని ఉంది. వాన పడేలోపు కుప్పల మీద తాటాకులు కప్పాలి. కప్పకపోతే ఏడాది పంట నీళ్ళపాలు.

లచ్చన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. "కప్పండే! తొందరగా కప్పండే!"

నాంచారి గట్టు మీద కూర్చుంది. పసివాణ్ణి ఒళ్ళో వేసుకుంది. సింగమ్మత్త పక్కన కూర్చుంది. తర్వాత సింగమ్మత్త కోడలు. ఒకరి తర్వాత ఒకరు నలభైమందీ కూర్చున్నారు.

"ఏమిటే ఇది?"

"పాలిస్తున్నానయ్యా," అంది నాంచారి. "ఈ పొద్దుకి కూలి లేదన్నారుగా. కూలి లేని పొద్దు నా సొంతం."

లచ్చన్న బతిమాలాడు. బెదిరించాడు. కాళ్ళు కూడా పట్టుకోబోయాడు. చినుకు పడింది. కామందు గుర్రమెక్కి వచ్చిపడ్డాడు. మొదటి కుప్ప అప్పటికే అంచులు కరిగి తెల్లటి నీళ్ళు కారుతోంది.

"నా ఉప్పు! నా ఏడాది ఉప్పు! ఏం కావాలే నీకు?"

"మూడు మాటలు చెప్పండయ్యా. పాలిచ్చే పొద్దుకి కోత లేదనండి. పిల్లల నీడకి కోత లేదనండి. పిల్లల పాదాలకి కోత లేదనండి."

"ముందు కప్పండి. తర్వాత చూద్దాం."

రెండో కుప్ప జారింది. నాంచారి కదల్లేదు.

"ఇంత నష్టమైతే నేనెలా తట్టుకోవాలి?" అని కామందు గొంతు చించుకున్నాడు.

నాంచారి తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. "సర్దుకోవాలయ్యా, సర్దుకోవాలి," అంది.

మూడో కుప్ప కూలింది. కామందు గుర్రం దిగాడు. వానలో, అందరూ వింటుండగా, ఆ మూడు మాటలూ అన్నాడు. కోసిన సోలలన్నీ తిరిగి కొలిపిస్తానని కూడా చెప్పాడు. అప్పుడు లేచారు ఆడవాళ్ళు. తాటాకులెత్తి పరుగులు తీశారు. మూడు కుప్పలు పోయాయి. ముప్పై ఏడు నిలిచాయి.

అక్కడితో కథ సుఖంగా ముగిసిందనుకుంటారేమో. కాదు. మరుసటి ఏడు కామందు అందరినీ పనిలోకి రమ్మని, నాంచారిని ఒక్కదాన్నీ వద్దన్నాడు. అది రాకపోతే మేమూ రామన్నారు మిగతావాళ్ళు. చేసేదిలేక రానిచ్చాడు. నాంచారి మళ్ళీ పలక పట్టింది. మళ్ళీ మానికెడు జొన్నలు చాటలో పోసి నాలుగు వాటాలు చేసింది. కానీ ఆ ఎండాకాలం దాని ఒంట్లోంచి తీసుకుపోయింది తిరిగి రాలేదు. మూడేళ్ళు దగ్గింది. మూడో ఏట, గంప తలకెత్తుకోబోయి, గట్టు మీదే ఒరిగిపోయింది. పాతికేళ్ళు కూడా లేవు.

ఊళ్ళోవాళ్ళు దగ్గుతో పోయిందన్నారు. సింగమ్మత్త ఒప్పుకోలేదు. "దగ్గు కాదు. సోలకి సోల కోసి కోసి చంపారు. అలాగే చెప్పండి," అంది. అందుకే ఇప్పటికీ అలాగే చెబుతాం.

పిల్లలిద్దర్నీ సింగమ్మత్తే పెంచింది.

నాంచారి పోయిన నెలకి కామందు లోగిలి నుంచి కబురొచ్చింది. దానికి రాతిగుడి కట్టిస్తారట. పేరంటాలు దేవతగా నిలుపుతారట. ఏటా పొంగలి పెట్టిస్తారట. ఊరి పెద్దమనిషి చేతులు జోడించి, "ఎంత మంచి మనసు!" అన్నాడు. ఆడవాళ్ళు మాత్రం మండిపడ్డారు.

"బతికుండగా సోలెడు జొన్నలు పొయ్యనివాళ్ళు చచ్చాక పొంగలి పెడతారా?" అంది సింగమ్మత్త. "మాకు గుడీ వద్దు, పొంగలీ వద్దు. దాని పేరన గట్టు మీద పిల్లలకి పందిరి వెయ్యండి. ఎవరూ కూలి అడగని నీడ."

వెయ్యక తప్పలేదు.

ఆ కామందులు పోయారు. ఆ లోగిలి కూలి నేలమట్టమైంది. సముద్రం ముందుకొస్తే ఉప్పుమళ్ళు వెనక్కి జరిగాయి గానీ పోలేదు. ఏటా మళ్ళలోకి నీళ్ళు వదిలే ముందు, పాత ఆకు తీసేసి పందిరికి కొత్త తాటాకు కప్పుతారు. మొదటి మోపు మేస్త్రీయే తలకెత్తుకుని తేవాలి. తేకపోతే ఆ ఏడు ఆడవాళ్ళు మడిలో కాలు పెట్టరు.

పందిట్లో పసిబిడ్డ ఏడిస్తే తల్లి ఎవరినీ అడగదు. దగ్గరున్న ఆడది పలక పైకెత్తి, "నాంచారి పొద్దు!" అని కేకేస్తుంది. మడి మడికీ ఆ కేక అందుకుంటారు. తల్లి పలక ఉన్నచోటే వదిలేసి గట్టెక్కుతుంది. దాని వాటా మడి అటుపక్కామె కొంతా, ఇటుపక్కామె కొంతా గోకుతారు. ఆ కాసేపూ మేస్త్రీ సముద్రం వైపు తిరిగి నిలబడాలి.

ఒకసారి ఎక్కడినుంచో కొత్త మేస్త్రీ వచ్చాడు. ఆ కేక విన్నాడు, తల్లి వెళ్ళడం చూశాడు. "ఎంతసేపే?" అని అరిచాడు.

మళ్ళన్నీ ఒక్కసారిగా పలికాయి.

"వాడి కడుపు నిండేదాకా!"