మూడో నిబంధన

2019 ఆగస్టు 19న అన్యాయం జరిగింది బస్సు కండక్టరు సలోమికి. చేసినవాడు మురహరి, చీరాల ఛాయాచిత్ర మిత్రమండలి కార్యదర్శి.

ఆ రోజు ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. గ్రంథాలయం మేడగదిలో మండలి వాళ్లు ప్రదర్శన పెట్టారు. ఒకరి ఫొటోలు ఒకరు చూసుకుని తెగ మెచ్చుకుంటున్నారు. బయటి మనిషంటూ వచ్చింది సలోమి ఒక్కతే, డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే. మండలిలో చేరదామని, తను తీసిన ఫొటో అట్టకి అంటించుకుని తెచ్చింది. తొలి ట్రిప్పు బస్సులో పై కమ్మీని పట్టుకున్న పదకొండు చేతులు. ఒక్క మొహం కూడా లేదు. ఏ చెయ్యి మగ్గం నేసేదో, ఏ చెయ్యి చేపలు కోసేదో చూస్తే తెలిసిపోతుంది.

"ఏ కెమెరా?" అన్నాడు మురహరి.

"ఫోను, సార్."

"సొంత కెమెరా ఉన్నవాళ్లే సభ్యులమ్మా. మూడో నిబంధన. ఫోనున్న ప్రతివాళ్లూ ఫొటోగ్రాఫర్లయితే, గరిటె ఉన్న ప్రతివాళ్లూ వంటమేస్త్రీలే."

సలోమి అట్ట చంకలో పెట్టుకుంది. "నిండిన బస్సులోంచి దింపితే అర్థముంది సార్. ఖాళీ బస్సులోంచి దింపుతున్నారు," అని మెట్లు దిగిపోయింది.

ఖాళీ మాట నిజమే. ఒకప్పుడు నలభై మంది ఉన్న మండలిలో మిగిలింది ఆరుగురు. మురహరికి అది రాత్రింబవళ్లు దిగులు. తప్పు కాలానిదీ కుర్రాళ్లదీ అని తేల్చుకున్నాడు. తనది అన్న ఊహ రాలేదు. ఇలాంటి ఊహలు కార్యదర్శులకి ఆలస్యంగా వస్తాయి. నెల తిరిగేసరికి మండలి మూసేస్తున్నట్టు తీర్మానం రాసి, సంతకం కోసం మస్తాన్ వలీ మాస్టారిని పిలిపించాడు. మండలి పెట్టింది ఆయనే. మురహరికి ఫొటో తియ్యడం నేర్పిందీ ఆయనే.

ఆదివారం మాస్టారు వేటపాలెం నుంచి బస్సులో వచ్చారు. తీర్మానం రెండుసార్లు చదివారు.

"ఎందుకురా మూసెయ్యడం?"

"మనుషులు రావట్లేదు మాస్టారూ."

"వచ్చినామెని పొమ్మన్నావంట గదా. ఇందాక టికెట్టు కొడతా చెప్పింది."

మురహరి తల వంచలేదు. "మూడో నిబంధన మాస్టారూ. మీరు రాసిందే."

"అవును. అక్షరాలు నావే." మాస్టారు కలం అడిగారు. సంతకానికే అనుకుని మురహరి తీర్మానం ఆయన ముందుకి జరిపాడు. ఆయన దాన్ని పక్కన పెట్టి, సభ్యుల రిజిస్టరు తెరిచి, మొదటి పేరు మీద గీత కొట్టారు. చెయ్యి వణకడంతో గీత వంకర పోయింది. కొట్టేసింది తన పేరే.

"ఇదేంటి మాస్టారూ?"

"నా దగ్గర కెమెరా లేదు గదరా."

మురహరి మెడలో వేలాడుతున్నది మాస్టారి కెమెరా. పదేళ్ల కిందట చేతులు వణకడం మొదలైనప్పుడు ఆయన తన మెడలోంచి తీసి అతని మెడలో వేసినదే. మురహరి కెమెరా పట్టీ మెడలోంచి తియ్యబోయాడు.

"ఉంచుకోరా. దాంతో నాకేం పని," అన్నారు మాస్టారు. "టీ చెప్పు."

మురహరి టీ చెప్పి, రిజిస్టరు పట్టుకుని బస్టాండుకి వెళ్లాడు. సలోమి బస్సు మెట్టు మీద నిలబడి వేటపాలెం, వేటపాలెం అని కేకేస్తోంది.

"ఎక్కడిదాకా సార్?"

"ఎక్కడికీ కాదండీ. మీ ఇంటిపేరు కావాలి."

ఆమె రిజిస్టరు వైపు చూసింది, అతని మొహం వైపు చూసింది. "కెమెరా కొనాలా?"

"అక్కర్లేదు."

"ఆదివారాలు నాకు డ్యూటీ."

"సోమవారం కలుద్దాం. అందరికీ చెప్తాను."

"అయితే దారుల. దారుల సలోమి," అని డ్రైవరుకి విజిలేసింది.

ఆ రిజిస్టరు ఇప్పటికీ మేడగదిలోనే ఉంది. అందులో రాసున్న మూడో నిబంధన కొట్టేసి ఉంటుంది. దాని కింద మురహరి చేతిరాతలో రెండు పేర్లు: షేక్ మస్తాన్ వలీ, దారుల సలోమి. చేరిన తేదీ ఇద్దరికీ ఒకటే. 22-9-2019.