రెండో తాళంచెవి

వెనకటికి ఒక రాజుగారు, పేరు గుర్తులేదు గాని మీసాలు పెద్దవట, ఓడల్లో వచ్చే పరదేశపు తాళాలు చవకని వాటి మీద సుంకం ఎత్తేశారు. ఊళ్లో కొలుములు చల్లారాయి. ఖజానాకు కూడా ఆ తాళమే పడింది. రాజుగారూ, వాటిని అమ్మిన పరదేశి షావుకారూ దగ్గరుండి కోట తలుపులకూ అవే బిగింపిస్తుంటే తాళాలు చేసే మల్లబ్రహ్మం అడ్డుపడ్డాడు.

"తప్పుకోరా! తల తీయిస్తాను," అన్నారు రాజుగారు.

"చిత్తం ప్రభూ. ముందు షావుకారుగారిని ఒక్క మాట అడగనివ్వండి. అయ్యా, తాళంచెవి పోతే ఎలాగండీ?"

పరదేశి వర్తకుడు నవ్వాడు. "నీ తాళమైతే తలుపు పగలగొట్టుకోవాలి. రెండో తాళంచెవి చెయ్యకూడదని మీకు ఆచారమటగా! మాకు ఆ బాధ లేదు. అమ్మిన ప్రతి తాళానికీ రెండోది మా రాజుగారి దగ్గర భద్రంగా ఉంటుంది."

రాజుగారి చెయ్యి మొలలోని ఖజానా తాళంచెవిని తడుముకుంది.

"సుంకం మళ్లీ వెయ్యండి," అన్నారు మెల్లగా. "మల్లబ్రహ్మం, నువ్వెళ్లి కొలిమి రాజెయ్యవయ్యా. త్వరగా!"