నైరుతి నుంచి ఈశాన్యానికి యాభై అడుగులు

ఒకానొక రాజ్యాన్ని, దాని పేరెందుకుగానీ, రణకేసరి అనే రాజు ఏలేవాడు. ఆయనకు దిక్కుల పట్టింపు మరీ ఎక్కువ. బాట వేస్తే నేరుగా తూర్పుకో, నేరుగా ఉత్తరానికో సాగాలి తప్ప మూలగా పోకూడదు. రాజధాని నుంచి కొండకోటకు వేయించిన బాట కూడా అంతే. నాలుగు క్రోసులు తూర్పుకు వెళ్లి, అక్కడ మలుపు తిరిగి, మూడు క్రోసులు ఉత్తరానికి పోవాలి.

ఒకనాడు గురవడనే వార్తాహరుడు తెల్లవారగానే లేఖ పట్టుకుని ఆ కోటకు బయలుదేరాడు. చీకటి పడితేగానీ రాడనుకున్నవాడు, పొద్దు వాలకముందే కోటపాలకుడి ముద్ర వేసిన జవాబుతో సభలో నిలబడ్డాడు. మెచ్చుకోవలసింది పోయి రాజు మండిపడ్డాడు.

"రానూ పోనూ పద్నాలుగు క్రోసులు. పది క్రోసులు నడిచే పొద్దులో వచ్చేశావు. నువ్వు కోటకు వెళ్లనే లేదు."

"చేలకడ్డం పడి పోయానండి, మహాప్రభో. ముద్ర చూడండి."

"ముద్ర దొంగది. లెక్క నాది. వీణ్ణి కొలువులోంచి తీసేసి, పొలిమేర దాటించండి."

గురవడు పెళ్లాంబిడ్డలతో ఏ ఊరు పోవాలి పాపం? సభలో బొప్పన అనే హాస్యగాడున్నాడు. అతను నింపాదిగా లేచాడు.

"శిక్ష ఎక్కడికీ పోదు ప్రభూ. ముందు వేడివేడి గారెలు ఆరగించండి" అని, వెండి పళ్లెం తెప్పించి సభకు ఈశాన్య మూల పెట్టించాడు. సింహాసనం ఉన్నది నైరుతి మూల. రాజుగారి అడుగులతో కొలిస్తే ఆ సభ తూర్పుకు నలభై, ఉత్తరానికి ముప్పై.

నేతి వాసన తగలగానే రాజు లేచాడు. ఆయన నడుస్తుంటే వందిమాగధులు ప్రతి అడుగూ పైకి లెక్కపెట్టాలి. అది ఆయన పెట్టిన మర్యాదే.

"ఒకటి, పరాక్. రెండు, పరాక్."

రాజు సభకు అడ్డంపడి, తిన్నగా పళ్లెం దగ్గరికి నడిచాడు. లెక్క సరిగ్గా యాభై దగ్గర ఆగింది. ఆయన చెయ్యి చాపేసరికి బొప్పన పళ్లెం పక్కకు జరిపాడు.

"ఆగవయ్యా. ఇవి ప్రభువులవారి గారెలు."

"మరి నేనెవర్ని?"

"నాకేం తెలుసు? ప్రభువులు అక్కణ్ణుంచి ఇక్కడికి రావాలంటే, నలభై తూర్పుకు, ముప్పై ఉత్తరానికి, వెరసి డెబ్బై అడుగులు. నువ్వు యాభైలో వచ్చావు. వారింకా దారిలో ఉండి ఉంటారు."

"నా ముఖం కనబడడం లేదూ?"

"ముఖం దొంగది. లెక్క ప్రభువులది."

రాజు వెనక్కి తిరిగి సింహాసనాన్ని చూశాడు, గోడలు కలిసే మూలను చూశాడు, తను నడిచొచ్చిన నేలను చూశాడు. "తూర్పుకు నాలుగు, ఉత్తరానికి మూడు, అడ్డంగా ఐదు" అని గొణుక్కున్నాడు. రానూ పోనూ పది. ఉన్నట్టుండి ఆయనకు నవ్వు ముంచుకొచ్చింది, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గురవడా, నువ్వు కోటకు వెళ్లొచ్చావు. ఇవాళ్టి నుంచి వార్తాహరులందరికీ నువ్వే పెద్ద" అని, తన మెడలోని ముత్యాలహారం తీసి బొప్పన మెడలో వేశాడు. "ఇప్పుడైనా గారెలు పెడతావా?"

బొప్పన వంగి పళ్లెం అందించాడు. "వేంచేశారా ప్రభూ? తమ కోసమే చూస్తున్నాం."