చూద్దాం చిలక

అనగనగా ఒక రాజుగారు. ఆయన ఏలే రాజ్యం నేరేడుకోన. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు ప్రతాపుడు, నడిపివాడు ప్రవీణుడు, కడగొట్టుది కువలయ. రాజుగారికి అన్నీ ఉన్నాయి, మంచినీళ్ళు తప్ప. ఏమైందో ఏమో, ఆ కోనలో బావులన్నీ ఒకదాని వెనక ఒకటి ఉప్పుబారిపోయాయి. పప్పులో ఉప్పు వేసే పని తప్పిందని వంటవాళ్ళు మొదట సంబరపడ్డారు. పాయసం కూడా ఉప్పగా వచ్చేసరికి తలలు పట్టుకున్నారు. పసిపిల్లలు నోట్లో పోసిన నీళ్ళు ఉమ్మేసి గుక్కపట్టి ఏడుస్తుంటే తల్లులు కూడా వాళ్ళతో పాటు ఏడ్చేవారు.

ఉప్పునీళ్ళను తీపి చేసే విద్య ఒక్కచోటే నేర్పుతారు. ఏడు సముద్రాల అవతల, జలశారద అనే విద్యాపీఠంలో. అక్కడి గురువు వరుణాచార్యులు మహా మాంత్రికుడు. అక్కడ చేరడమంటే మాటలా! ఏటా రెండు పిలుపులు. ఆషాఢంలో తొలి పిలుపు, మాఘంలో మలి పిలుపు. తొలి పిలుపుకి వెళ్ళినవాళ్ళ మీద గురువుగారికి మనసు ఎక్కువని లోకం చెప్పుకునేది. కాని అందులో ఒక మెలిక ఉంది. గుమ్మంలో నిలబడి ఒట్టు వేయాలి. "గురువుగారు మాట చెప్పేదాకా ఇంకో గురువు గడప తొక్కను" అని.

"తొలి పిలుపుకే వెళ్ళాలి బాబూ," అన్నాడు ఆస్థాన పండితుడు పేరిశాస్త్రి, ప్రతాపుడితో. "మూడే ప్రశ్నలు. నీకేం తెలుసు? నీకేం తెలియదు? ఇక్కడికే ఎందుకొచ్చావు? జవాబులు నేను రాసిస్తాను, బట్టీ పట్టు." ఆయన ఎన్నడూ ఏ సముద్రమూ దాటినవాడు కాదు. అయినా ఆయనకి తెలియని సంగతి లేదు.

ప్రతాపుడు బట్టీ పట్టాడు, వెళ్ళాడు, తిరిగి రాలేదు. మరుసటి ఏడు ప్రవీణుడు అవే జవాబులు బట్టీ పట్టాడు, వెళ్ళాడు, తిరిగి రాలేదు. మూడో ఏడు ఆషాఢం దగ్గరపడింది.

"నాన్నగారూ, ఈసారి నేను వెళ్తాను," అంది కువలయ.

"చూద్దాంలే తల్లీ," అన్నాడు రాజు.

మీ ఇంట్లో "చూద్దాం" అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు కదా? ఆ రాజ్యంలోనూ అంతే. పెద్దవాళ్ళు "చూద్దాం" అంటే చేతులు కట్టుకుని "చిత్తం" అని ఊరుకోవాలి. తిరిగి అడిగితే మర్యాద తెలియని పిల్ల అంటారు. కువలయ మాత్రం మాట వచ్చిన నాటినుంచి ఒకటే అడిగేది.

"ఎప్పుడు?"

రాజు నవ్వాడు. ఆ వెంటనే ఆయన కళ్ళు తడిసిపోయాయి. ఇద్దరు కొడుకులు పోయినచోటికి ఉన్న ఒక్క కూతురిని ఎలా పంపుతాడు పాపం! కాని కిటికీలోంచి పసిపిల్లల ఏడుపు వినబడుతూనే ఉంది. "రేపే వెళ్ళు తల్లీ," అన్నాడు చివరికి.

కువలయ అటుకుల మూట కట్టుకుని బయల్దేరింది. సముద్రపు ఒడ్డున వలలో చిక్కుకున్న ఒక ముసలి తాబేలు కనిపిస్తే వల కోసి విడిపించింది. "ఎక్కు నా వీపు మీద. కాని నేతి సముద్రంలో జారిపోతే నాది పూచీ కాదు," అంది తాబేలు. ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు, కల్లు సముద్రం దగ్గర తాబేలు కాస్త తూలింది. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం దాటి మంచినీళ్ళ సముద్రానికి వచ్చారు. కువలయ దోసిలి నిండా తాగింది. తమ ఊరి పిల్లలు గుర్తొచ్చి రెండో దోసిలి తిరిగి సముద్రంలోనే పోసేసింది.

అదీ దాటాక, జలశారద గుమ్మంలో ఒట్టు వేసి లోపలికి వెళ్ళింది. పెద్ద మండపం. వరసగా తొంభై తొమ్మిది రాతి స్తంభాలు. వందో స్తంభానికి పీఠం కట్టి ఖాళీగా ఉంచారు. మనిషి అలికిడి లేదు, పాఠం చదివే గొంతు లేదు, పలకల మీద బూజు పట్టింది. కువలయ ఒక స్తంభానికి చేరబడి అటుకులు తింటూ, కింద పాకుతున్న చీమకి నాలుగు పెట్టింది. అప్పుడు చూసింది, స్తంభం మొదట్లో తడి. ఉప్పునీళ్ళ మధ్య పెరిగిన పిల్ల కదా, వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు. పక్క స్తంభం మొదట్లోనూ తడి, ఉప్పే.

"ఇది ఊటనీళ్ళ ఉప్పు కాదే," అంది.

"కన్నీళ్ళు," అంది చీమ. "వీళ్ళంతా చదువుకోవడానికి వచ్చిన పిల్లలే. నువ్వు ఆనుకున్నవాడి పేరు సుమేధుడు, పడవలు చేసే ఇంటి కుర్రాడు. పన్నెండేళ్ళయింది. నీ అటుకుల వాసన బాగుందంటున్నాడు. ఆ చివరివాళ్ళిద్దరూ రాజకుమారులు. లోపల 'చూద్దాం' అంటారు, వీళ్ళు 'చిత్తం' అంటారు. అంతే, చూస్తూ చూస్తూ రాయైపోయి ఈ వరసలో చేరతారు."

అన్నలిద్దరి రాతిపాదాలు పట్టుకుని కువలయ కాసేపు ఏడ్చింది. ఏడ్చి, ముఖం తుడుచుకుని, లోపలికి నడిచింది.

లోపల తెల్లగడ్డం వరుణాచార్యులు, పక్కన పంజరంలో పచ్చని చిలక.

"నీకేం తెలుసు?" అన్నాడు ఆచార్యుడు.

"మట్టి వాసన చూసి నీళ్ళెంత లోతులో ఉన్నాయో చెప్తానండీ. మూడుసార్లు చెప్తే రెండుసార్లు నిజమవుతుంది."

ఆచార్యుడు తలెత్తి చూశాడు. "నీకేం తెలియదు?"

"ఆ మూడోసారి ఎందుకు తప్పుతుందో తెలియదు. మా బావులు ఎందుకు ఉప్పుబారాయో అసలే తెలియదు."

"ఇక్కడికే ఎందుకొచ్చావు?"

"ఇంకెక్కడా నేర్పరు కాబట్టి. దగ్గర్లో నేర్పేవాళ్ళుంటే అక్కడికే పోయేదాన్ని. ఏడు సముద్రాలంటే సరదానా అండీ?"

ఆచార్యుడి పెదవుల మీదికి ఒక నవ్వు వచ్చి, భయపడి వెనక్కి పోయింది. ఆయన నోరు తెరవలేదు. చిలక తెరిచింది. "చూద్దాం!" అంది.

కువలయ పాదాలు చల్లబడ్డాయి. చూసుకుంటే మడమల దాకా రాయి!

"ఎప్పుడు?" అంది కువలయ.

రాయి ఆగింది. ఆ మాట ఆ గదిలో ఇదివరకు ఎవరూ అనలేదు. చిలక తడబడింది. "చూద్దాం! చూద్దాం!" రాయి మోకాళ్ళ దాకా పాకింది.

"ఎప్పుడండీ? నన్ను ఒట్టుతో కట్టేశారు. మీరు మాట చెప్పేదాకా ఇంకో గడప తొక్కలేను. మరి మీరెప్పుడు విప్పుతారు?"

చిలక నోరు తెరిచింది, మాట రాలేదు. మూసింది, మళ్ళీ తెరిచింది. దానికి వచ్చింది ఒక్కటే మాటాయె!

"ఆ ప్రశ్న వద్దమ్మా," అన్నాడు ఆచార్యుడు. "నా ప్రాణం ఆ చిలకలో ఉంది. ఒకప్పుడు ఒక పిల్లవాడికి 'కాదు' అన్నాను. వాడు వెక్కి వెక్కి ఏడుస్తూ మెట్లు దిగాడు. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఇక ఎవరినీ ఏడిపించకూడదని ప్రాణాన్ని చిలకలో దాచి, దానికి మెత్తని మాట ఒక్కటే నేర్పాను. అప్పటినుంచి ఇక్కడ ఎవరూ ఏడవలేదు."

"ఏడవలేదా?" కువలయ ఉప్పంటిన వేలు చాపింది. "రుచి చూడండి గురువుగారూ. ఇది మీ స్తంభాల మొదట్లోది."

ఆచార్యుడు ఆ వేలిని తాకి నాలుక మీద పెట్టుకున్నాడు. నీళ్ళ రుచులన్నీ తెలిసిన నాలుక అది. ఆయన ముఖం పాలిపోయింది.

"మీరు కాదంటే నేనూ ఏడుస్తాను," అంది కువలయ. "ఏడ్చి, ముఖం కడుక్కుని, ఇంకో దారి వెతుక్కుంటాను. మీరేమీ అనకపోతే ఆ దారి కూడా లేదు కదండీ."

ఇప్పుడు చిలక మెడ నులిమేస్తుందనుకుంటున్నారు కదూ? మన కువలయ అలాంటిది కాదు. నడుం వంచి, చెయ్యి సాచి పంజరం తలుపు తీసింది, అంతే. చిలక ఎగిరి ఆచార్యుడి గుండె మీద వాలింది, వాలి అందులోకే కరిగిపోయింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయనకు గుండెలో నొప్పి తెలిసింది. ఆ నొప్పితోనే అన్నాడు, "అవునమ్మా. నిన్ను చేర్చుకుంటున్నాను." రాయి గలగలమని రాలిపోయింది.

తర్వాత ఆయన మండపంలోకి వచ్చి ఒక్కొక్క స్తంభం దగ్గరా ఆగాడు. కొందరికి "అవును" అన్నాడు. చాలామందికి "కాదు నాయనా, తప్పు నాది, నన్ను క్షమించు" అన్నాడు. కాదనిపించుకున్నవాళ్ళు కూడా మనుషులై, భోరున ఏడ్చి, కళ్ళు తుడుచుకుని ఇళ్ళకు వెళ్ళారు. ప్రతాపుడు, ప్రవీణుడు కూడా కాదనిపించుకున్నవాళ్ళే. "అమ్మయ్య, ఇక బట్టీ పట్టక్కర్లేదు," అన్నారు చెల్లెలిని కావిలించుకుని.

"నీది కొయ్యపని చేసే చెయ్యి, నీళ్ళ చదువు నీకు పడదు," అన్నాడు ఆచార్యుడు సుమేధుడితో.

"ఈ ముక్క పన్నెండేళ్ళ కిందటే చెబితే పన్నెండు పడవలు కట్టేవాణ్ణి కదండీ!" అన్నాడు సుమేధుడు. అని నవ్వాడు. ఆ నవ్వు కువలయకి నచ్చింది.

మూడేళ్ళు చదివి కువలయ విద్య నేర్చింది. సుమేధుడు కట్టిన పడవలో ఇంటికి వచ్చింది. మొదటి బావిలో నీళ్ళు తీపి అయిన రోజు ఒక తల్లి దోసిలితో తన బిడ్డకి తాగించింది. బిడ్డ ఉమ్మలేదు, ఇంకా కావాలని చెయ్యి చాపింది. రాజుగారు అందరి ముందూ ఏడ్చేశారు. కువలయకీ సుమేధుడికీ పెళ్ళి చేసి, ఇద్దరికీ కలిపి రాజ్యం అప్పజెప్పారు. ఎవరైనా "చూద్దాం" అంటే ఏ రోజు చూస్తారో అప్పుడే చెప్పాలని కువలయ చాటింపు వేయించింది. అందులో మొదట దొరికిపోయింది రాజుగారే. వాళ్ళు నలభై ఏళ్ళు చల్లగా ఏలారు.

కథ ఒడ్డున పడింది. ఏమిటీ, ఇంకో కథా? చూద్... ఊహూఁ. చెప్పను. ఇవాళ చెప్పనంటే చెప్పను. నా గొంతు ఎండిపోయింది. ఎవరర్రా అక్కడ, వెళ్ళి గ్లాసెడు మంచినీళ్ళు పట్టుకురండి.