లాండమ్మన్ కంటి లెక్క

విశ్వపతి మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరని పార్వతీపురంలో అందరికీ తెలుసు. ముందు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటారు. తర్వాత ఎక్కడిదో ఒక సంగతి ఎత్తుకుంటారు. ఓపిక ఉన్నవాళ్ళకి జవాబు దొరుకుతుంది, లేనివాళ్ళకి కాఫీ అయినా దొరుకుతుంది. ముప్పయ్యేళ్ళు కాలేజీలో రాజనీతి పాఠం చెప్పిన మనిషి. వయసులో ఉండగా స్విట్జర్లాండులో ఒక ఏడాది ఉండి, అక్కడి చిన్న చిన్న రాజ్యాలు తమను తాము ఎలా ఏలుకుంటాయో చూసి వచ్చారు.

ఆయన దగ్గర చదువుకున్న పైల దమయంతి ఇప్పుడు మండలాధ్యక్షురాలు. మే నెలాఖరున ఒక సాయంత్రం చేతిలో ఫైలుతో వచ్చింది. ఆ ఏడు మండలానికి నాలుగు చిన్న వంతెనలు మంజూరయ్యాయి, అడిగిన పల్లెలు ఏడు. వాటిలో ఒకటి ఆమె పుట్టిన పల్లె. వానాకాలం గెడ్డ పొంగితే అక్కడి పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మొలలోతు నీళ్ళలో బడికి పోతారు. ఆ పల్లె పేరు ఆమె తన చేత్తోనే కొట్టేసింది.

"ఉంచితే 'పుట్టింటికి వంతెన కట్టించుకుంది' అంటారు మాస్టారూ. మనవాళ్ళ మాట వచ్చినప్పుడు కళ్ళు మూసుకోవడమే న్యాయం కదా?" అంది. మాట ధీమాగానే వచ్చింది. ఆ ధీమా కాస్త ఆయన కూడా ఇస్తే బాగుండునన్న ఆశ ముఖంలో కనిపిస్తూనే ఉంది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ దేశంలో ఒక సభకి బిళ్ళబంట్రోతుగా పనిచేసిన ముసలాయన తనకు చెప్పిన సంగతి మొదలుపెట్టారు.

ఆ దేశంలో రాజ్యాలను కాంటన్లు అంటారు. అలాంటివి పాతిక దాకా కలిస్తే దేశం. ఈ సంగతి జరిగిన కాంటన్ మరీ చిన్నది. రెండు లోయలు, ఒక సరస్సు, చుట్టూ మంచుకొండలు, మన మండలమంత జనం. అయితేనేం, దాని చట్టం దానిది, దాని కోర్టు దానిది, దాని జెండా దానిది. కొన్ని వందల ఏళ్ళ కిందట అక్కడి రైతులు దొరల పెత్తనం వదిలించుకుని, ఇకమీద మన సంగతులు మనమే చేతులెత్తి తేల్చుకుందామని ఒట్టు పెట్టుకున్నారు. ఏటా మే నెల మొదటి ఆదివారం ఆ ఒట్టు మళ్ళీ పెట్టుకుంటారు. పచ్చిక మైదానంలో గుండ్రంగా తాడు కడతారు. మగవాళ్ళంతా తాడు లోపల. ఆడవాళ్ళకి ఆ రోజుల్లో ఓటు లేదు గనక వాళ్ళు తాడు బయట నిలబడి చూడాల్సిందే.

ప్రభుత్వమంటే ఏడుగురు. ఒకరు అడవులు చూస్తారు, ఇంకొకరు రోడ్లు, మరొకరు పిల్లల బళ్ళు. వాళ్ళకి పెద్ద లాండమ్మన్. పెద్ద అన్నానని మేడలూ నౌకర్లూ అనుకునేరు. ఆదివారం నాడు అందరికంటే ఎత్తున బల్ల మీద నిలబడ్డవాడు సోమవారం పొద్దున్నే ఆవుల కింద కూర్చుని పాలు పిండుకోవాలి.

ఓట్లు కాగితం మీద వెయ్యరు. చేతులెత్తితే లాండమ్మన్ బల్ల మీంచి కంటితో చూసి, ఎటు ఎక్కువో చెప్పేస్తాడు. అనుమానం వస్తే తక్కిన ఆరుగురినీ బల్ల ఎక్కించి మళ్ళీ చూడాలి. అప్పటికీ తేలకపోతే అవునన్నవాళ్ళని ఒక దారిలోంచి, కాదన్నవాళ్ళని ఇంకో దారిలోంచి నడిపించి తలలు లెక్కపెట్టాలి. అయితే అనుమానం వచ్చిందని చెప్పవలసింది లాండమ్మనే. ఆయనకి రాకపోతే ఇంకెవరికీ రానట్టే. ఇంకో చోద్యం కూడా ఉంది. అక్కడ జనం ఎన్నుకుంటే కాదనకూడదు. నాకొద్దు మొర్రో అన్నా వినరు. కాదన్నవాడు కాంటన్ విడిచి పోవాలి.

మెల్కియోర్ అలా లాండమ్మన్ అయినవాడే. పుట్టింది కొండ నడుమ పదకొండు గడపల పల్లెలో. పెళ్ళయ్యాక కింద ఊరికి దిగాడు. పైన చెల్లెలు వెరెనా, ఆమె భర్త అలోయిస్ ఉండేవాళ్ళు. ఆ పల్లెకి నెత్తిమీదే మంచుచరియల దారి. దాన్ని అడ్డుకోవడానికి పైన రాతిగోడ కట్టాలని ఆ ఏటి సభ ముందుకి ప్రతిపాదన వచ్చింది.

సభనాడు పొద్దున్న వెరెనా అన్న దగ్గరికి వచ్చింది.

"నువ్వు నన్ను ఏమీ అడక్కమ్మా. జనం చూస్తున్నారు" అన్నాడు మెల్కియోర్, ఆమె నోరు తెరవకముందే.

"నేనేం అడిగాను? చిన్నప్పుడు ఎదురు కొండ మీద మేకల్ని మన గుమ్మంలోంచే లెక్కపెట్టేవాడివి, ఒక్కటి తప్పేది కాదు. ఇవాళ కూడా అలా చూడు అన్నయ్యా, చాలు" అని నవ్వి, వెళ్ళి తాడు బయట నిలబడింది.

గోడ వంతు వచ్చింది. మెల్కియోర్ ప్రతిపాదన చదువుతుంటే ముందు వరసలోంచి ఒక పూటకూళ్ళ ఇంటాయన గొంతెత్తాడు. "అయ్యా లాండమ్మన్ గారూ! మీ చెల్లెమ్మగారి ఇల్లు కూడా అక్కడే కదూ?"

సభంతా గొల్లుమంది. మెల్కియోర్ ముఖం చెవుల దాకా ఎర్రబడింది. కట్టాలన్నవాళ్ళు చేతులెత్తారు. తర్వాత వద్దన్నవాళ్ళు ఎత్తారు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. మేకల్ని లెక్కపెట్టిన ఆ కళ్ళకి అది తెలియకపోలేదు. అనుమానం ఉందని ఒక్క మాటంటే సరిపోయేది. కానీ ఆ మాట అంటే ఈ జనం ఏమంటారు? చెల్లెలు గెలిచేదాకా లెక్కపెట్టిస్తాడు అనరూ? తండ్రి తాతల నాటి పేరు ఒక్క పూటలో మంట కలిసిపోదూ?

అడవులు చూసే కాస్పర్ పక్కన నిలబడి చెవిలో అన్నాడు. "నాకు కట్టాలన్నవే ఎక్కువనిపించాయి. మళ్ళీ చూద్దామా?"

"నేను చూశాను" అన్నాడు మెల్కియోర్. గొంతు పెంచి, ప్రతిపాదన వీగిపోయిందని ప్రకటించాడు.

ఆ మధ్యాహ్నమంతా జనం వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. సొంత చెల్లెలని కూడా చూడలేదు, మనిషంటే ఇతనూ అన్నారు. వెరెనా తలగుడ్డ ముడి బిగించుకుని కొండదారి పట్టింది. అన్న వైపు ఒక్కసారి చూసింది. కోపంగా చూసినా బాగుండేదని ఆయన తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడట.

ఫిబ్రవరిలో ఒక ఉదయం, పాలు పిండే వేళకి కొండ కదిలింది. పదకొండు గడపల్లో ఎనిమిది మంచు కిందికి పోయాయి. లోయలో చెయ్యి ఆడే ప్రతివాడూ పార పట్టుకుని పైకి పరిగెత్తాడు. మెల్కియోర్ మూడు రోజులు తవ్వాడు. తిండి లేదు, నిద్ర లేదు. మూడో రోజున వెరెనా దొరికింది, పశువులపాకలో, పాలపీట పక్కనే. చెల్లెలి చెంపల మీద మంచు తుడుస్తూ ఆయన పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ముందురోజు పాలు పోయడానికి కిందికి దిగడంవల్ల అలోయిస్ బతికాడు. అతను బావని ఒక్క తిట్టు తిట్టలేదు. శవం పక్కన కూర్చుని ఒకే ఒక మాట అడిగాడు.

"బావా, ఆ రోజు నేను చెయ్యెత్తాను. కనిపించానా?"



మళ్ళీ మే నెల ఆదివారం వచ్చింది. మెల్కియోర్ బల్ల ఎక్కి టోపీ తీశాడు. "పోయినేడు రెండు వైపులా చేతులు సమానంగా కనిపించాయి. నాకు అనుమానం వచ్చింది. రాలేదన్నట్టు మాట్లాడాను. మీరు ఏమైనా అంటారని భయపడ్డాను. నన్ను ఈ ఏడు ఎన్నుకోకండి. దణ్ణం పెడతాను" అన్నాడు. పూటకూళ్ళ ఇంటాయన తలవంచుకున్నాడు.

ముందు కాస్పర్ గోడ ప్రతిపాదన చదివాడు. చెయ్యెత్తనివాడు లేడు. ఏం లాభం? బతికిన మూడిళ్ళవాళ్ళూ అప్పటికే సామాన్లు కట్టుకుని కిందికి దిగిపోయారు. పైన గోడ ఆపవలసిన మంచు ఉంది గానీ, కాపాడవలసిన పల్లె లేదు.

తర్వాత లాండమ్మన్ ఎన్నిక. కాస్పర్ మెల్కియోర్ పేరు చదివాడు. ఆయన వద్దు వద్దని చేతులూపుతున్నాడు. మైదానమంతా చేతులు లేచాయి. అలోయిస్ కూడా ఎత్తాడు. ఈసారి మెల్కియోర్ అతన్ని చూశాడు. జనం అది క్షమ అనుకుని ఎత్తారో, శిక్ష అనుకుని ఎత్తారో బంట్రోతుకి కూడా తెలియదట. ఎన్నుకుంటే కాదనడానికి లేదు. మెల్కియోర్ కుడిచెయ్యి పైకెత్తి, మూడు వేళ్ళు చాచి, వాళ్ళ ఆచారం ప్రకారం ప్రమాణం చేశాడు. ప్రమాణం అయిపోయాక కూడా ఆ చెయ్యి దించలేదు. ఆఖరికి బంట్రోతే వెళ్ళి మెల్లిగా పట్టుకుని దించాడు.

ఆ తర్వాత పదకొండేళ్ళు జనం ఆయన్ని వదలలేదు. రెండు వైపులా చేతులు కాస్త దగ్గరగా కనిపిస్తే చాలు, "నడవండి, లెక్కపెడదాం" అనేవాడట. అన్నాలు చల్లారిపోతున్నాయని జనం సణుక్కుంటూనే రెండు దారుల్లోంచి నడిచేవాళ్ళు. ఆయన బల్ల మీద నిలబడి ఒక్కొక్క ముఖమే చూసేవాడు. చివరి మనిషి కూడా దాటాక, తాడు బయట ఒకచోట కాసేపు చూసి, అప్పుడు దిగేవాడు.

మాస్టారు ఆపారు. కాఫీ చల్లారిపోయింది. దమయంతి కళ్ళు తుడుచుకుని అడిగింది. "ఆయన తనవాళ్ళకి ఏ మేలూ చేసుకోలేదు. అబద్ధం చెప్పి ఏమీ సంపాదించుకోలేదు. మరి తప్పెక్కడ మాస్టారూ?"

"రెండోసారి చూడలేదమ్మా" అన్నారు మాస్టారు.

ఆమె ఒళ్ళో ఫైలు వంక ఆయన చూడలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఆకాశంలో కొండల వైపు కమ్ముకొస్తున్న మబ్బుని చూశారు.

"అన్నట్టు, మీ గెడ్డకి నీళ్ళు ఏ నెలలో వస్తాయి?"