జానెడు వదులు

నూకరాజు మాస్టారిని ఏదైనా అడిగితే మాటతో జవాబు రాదు. అడిగినవాళ్ళ చేతిలో ముందు ఏదో ఒకటి పెడతారు. తాడు ముక్కో, గరుకు కాగితమో, తడిసిన తెరచాప కొసో. నా చేతిలో నవారు పెట్టారు.

ఆయన కాకినాడ దగ్గర, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, పిల్లలకు చిన్న తెరచాప పడవలు నడపడం నేర్పుతారు. ఒక్కో పడవలో ఒక్కరే పడతారు. గాలి తోసినప్పుడు పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. దాన్ని నిలబెట్టాలంటే నడిపేవాళ్ళు రెండో అంచు మీద కూర్చుని, వెల్లకిలా నీళ్ళ మీదికి వాలాలి. పడవ లోపల, అడుగున, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక బెల్టు బిగించి ఉంటుంది. పాదాలు దాని కింద దూర్చి వాలతారు. అంతకుమించి ఆధారం లేదు.

మా తన్మయికి పదహారేళ్ళు. రెండేళ్ళుగా ఆయన దగ్గరే నేర్చుకుంటోంది. నెల కిందట, నేను గట్టు మీద నిలబడి చూస్తుండగానే దాని బెల్టు కుట్టు తెగిపోయింది. వాలిన పిల్ల వాలినట్టే నీళ్ళలోకి పోయింది. పడవ గట్టు వైపుకు తిరగబడింది. నాకు పడవ కనబడింది, నీళ్ళ మీద పరుచుకున్న తెరచాప కనబడింది, పిల్ల కనబడలేదు. ఒంటిమీద లైఫ్ జాకెట్ ఉందని తెలుసు. తెలిసినా నీళ్ళ అంచుదాకా పరిగెత్తాను. కాసేపటికి పడవ వెనక నుంచి ఒక చెయ్యి పైకి లేచి ఊగింది. ఆ కాసేపు ఇంకా నాలోంచి పోలేదు.

మాస్టారు సాకులు చెప్పలేదు. "దారం ఎండకి చివికిపోయిందమ్మా. నేను చూసుకోలేదు. తప్పు నాదే" అన్నారు.

ఆ రోజు నుంచి పిల్లని పడవ ఎక్కనివ్వలేదు. అది ఏడవలేదు, బతిమాలలేదు. మధ్యాహ్నం సముద్రం గాలి మొదలయ్యేసరికి వెళ్ళి డాబా మీద నిలబడేది. నెల తిరిగాక, ఇక రాదని మాస్టారికి చెప్పేద్దామని వెళ్ళాను. దాన్నీ వెంటబెట్టుకునే వెళ్ళాను. తీరా ఆయన ఎదుట నిలబడ్డాక నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"అంత దూరం వాలే పిల్లని గట్టిగా పట్టుకోవడం ఎలాగండీ, మాస్టారూ?"

ఆయన షెడ్డులోకి వెళ్ళి నల్ల నైలాను నవారు చుట్ట, పాత బెల్టు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మీరు మిషను కుడతారు కదమ్మా. దీని బెల్టు మీరే కుట్టండి. మీరే బిగించండి. అప్పటికీ వద్దనిపిస్తే మానిపించెయ్యండి."

"కొలతండీ?"

"పాతది ఉంది కదా. ఆపైన మీ ఇష్టం."

ఇరవై ఏళ్ళుగా బడిసంచులు కుడుతున్నాను. పట్టీ ఎక్కడ తెగుతుందో నాకు తెలుసు. ఎండకి చివకని దారం తెచ్చాను. రెండు చివర్లూ మడిచి, చదరంగా నాలుగు వైపులా కుట్టి, మధ్యలో అడ్డంగా మళ్ళీ కుట్టాను. సూది రెండుసార్లు విరిగింది. పాత బెల్టు పక్కన పెట్టి చూసుకున్నాను. బెల్టు కాస్త పొట్టిదై పిల్ల తక్కువ వాలితే నష్టమేముంది అనిపించింది. నవారు కత్తిరించబుద్ధి కాలేదు. ఒక చివర జానెడు ఎక్కువ లోపలికి మడిచి, దాన్నీ కుట్టేశాను.

తన్మయి బెల్టును జానతో కొలిచి చూసింది. తర్వాత నా మొహం చూసింది. "బాగుందమ్మా" అంది.

మర్నాడు మాస్టారు పక్కనే కూర్చుని నా చేతే బిగింపించారు. బోల్టు కింద వెడల్పాటి వాషరు వేయించారు, లాగుడంతా ఒక్కచోటే పడకుండా. వెనక చివర తాడు రెండు వరసలు కట్టించారు. ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుందని. బెల్టు పొడవు గురించి మాత్రం నోరెత్తలేదు.

అక్కడ ఒక ఆచారం ఉంది. బెల్టు ఎవరు బిగిస్తే వాళ్ళే ముందు దాని మీద వాలి చూపించాలి. పడవను ఇసకలో రెండు టైర్ల మీద పెట్టారు. అది ఒరగకుండా అవతలి అంచు మీద తన్మయి కూర్చుంది.

"కొంగు దోపుకోవే అమ్మా. గాలొస్తే నువ్వే తెరచాపవైపోతావు."

"నోరు ముయ్యి."

పాదాలు దూర్చి వెనక్కి వాలాను. కాస్త వాలేసరికే బెల్టు గట్టిగా పట్టుకుంది. కుర్చీలో చేరగిలినట్టుంది. ప్రాణం కుదుటపడింది.

"సరిపోయిందాండీ?" అన్నారు మాస్టారు.

"సరిపోయిందండీ."

"ఆయ్. అయితే దింపుదాం."

ఆయన మోటారు పడవలో దాని పక్కనే వెళ్ళారు. గాలి మరీ ఎక్కువేం కాదు. మిగతా పిల్లలు అదే గాలిలో హాయిగా తిరుగుతున్నారు. తన్మయి పడవ మాత్రం ఒరిగింది. పిల్ల వాలబోయింది, బెల్టు ఆపేసింది. మెడ వెనక్కి, భుజాలు వెనక్కి, నడుము మాత్రం అంచు దాటలేదు. పడవ బోర్లపడింది. ఎక్కి నిలబెట్టుకుంది. మళ్ళీ పడింది. మూడోసారీ పడింది. తప్పు ఎక్కడుందో ఆ మూడోసారికి నాకు గట్టు మీదికే కనబడింది.

నీళ్ళోడుతూ ఒడ్డుకొచ్చి, "బెల్టు చాలా గట్టిగా ఉందమ్మా. కుట్టు ఒక్కటి కూడా కదల్లేదు" అంది. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"పొట్టిగా ఉందని నీకు ముందే తెలుసు కదే?"

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"చెబితే అసలే వద్దంటావని."

మాస్టారు వచ్చి ఈసారి నా చేతిలో బ్లేడు పెట్టారు.

"ఎంత విప్పమంటారండీ?"

"ఎంత మడిచారో మీకే తెలుసు కదమ్మా."

ఇసకలో కూర్చుని కుట్టు విప్పాను. నా కుట్టు నాకే లొంగలేదు, చాలాసేపు పట్టింది. జానెడు నవారు బయటికి వచ్చింది. షెడ్డులో తెరచాపలు కుట్టే పాత మిషనుంది. దాని మీద చివర మళ్ళీ కుట్టి, మళ్ళీ బిగించి, ఆచారం ప్రకారం మళ్ళీ నేనే ఎక్కాను. అవతలి అంచు మీద తన్మయి. ఈసారి అది జోకులు వెయ్యలేదు.

వాలాను. బెల్టు తగల్లేదు. ఇంకా వాలాను. తగల్లేదు. నడుము అంచు దాటింది. నా కింద ఏమీ లేదు. ఇక పడిపోయాననే అనుకున్నాను. అప్పుడు పాదాల మీద బెల్టు బిగిసింది.

తల మోకాళ్ళ కన్నా కిందకు పోయింది. కళ్ళ ముందు ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. ఒడ్డు లేదు, పడవ లేదు, మనుషులు లేరు. అంత ఆకాశం ఎప్పుడూ ఒకేసారి చూడలేదు నేను. నా బరువంతా నా కుట్టు మీద ఉంది. నన్ను నిలబెడుతున్న బరువు అవతల కూర్చున్న పిల్లది. ఈ పిల్ల రోజూ ఇందులోకి వాలుతోందా అనుకున్నాను. రెండేళ్ళుగా, నాకు ఒక్క మాట చెప్పకుండా.

ఎవరో నన్ను లేపి కూర్చోబెట్టారు. వెళ్ళమని నేనే తన్మయికి తలూపాను.

అప్పటికి గాలి పెరిగింది. ఏటి నోటి దగ్గర నీళ్ళు తెల్లగా విరుగుతున్నాయి. పడవ ఒరిగింది. పిల్ల వెనక్కి వాలింది. నేను గట్టు మీద పడవలు కట్టే తాడు పట్టుకున్నాను. ఇంకా వాలింది. వీపు నీళ్ళకు బెత్తెడు పైన, శరీరం చాచిన చెయ్యిలా తిన్నగా, జడ కొస నీళ్ళ మీద గీత గీస్తూ పోయింది. పడవ నిటారుగా లేచి నిలబడింది. లేచి, ఒక్క ఉరుకున ఉరికింది. నీటి తుంపరలో దాని మొహం ఆకాశం వైపు తిరిగి ఉంది. ఆ మొహం నేను కన్న పిల్లదే. అయినా అలా ఎప్పుడూ చూడలేదు. దాన్ని కన్న రోజు మొదటిసారి చూసినప్పుడు కూడా నాకు ఇలాగే మాట రాలేదు.

పడవ చిన్నదయ్యేదాకా చూశాను. తాడు మీద నా వేళ్ళు ఎప్పుడు వదులయ్యాయో తెలియదు. మాస్టారు వాటి వైపు చూశారు.

"ఇప్పుడు పిల్లని గట్టిగా పట్టుకున్నారమ్మా" అని, మోటారు పడవ వైపు నడిచారు.